నవాహో వెండి కడియానికి తూకం లెక్క కట్టొచ్చా?

టెంపే_శ్రీను
అమ్మానాన్న వస్తున్నారు. ఇక్కడ అరిజోనాలో ఆంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ చూపించి అటునుంచి న్యూ మెక్సికోలోని గాలప్ వెళ్దామని ప్లాన్. అమ్మకి ఇక్కడి ఆదివాసీ తెగ నవాహోలు చేసే వెండి కడియం ఒకటి కొనాలని ఉంది. ఈమధ్య కామెరాన్ దాటాక రోడ్డు పక్కన బల్లల మీద పెట్టి అమ్ముతుంటే ఆగాం. ఒకావిడ దగ్గర నీలం రాయి పొదిగిన కడియం బాగా నచ్చింది. 450 డాలర్లు చెప్పింది. చేత్తో పట్టుకుంటే అరవై గ్రాములు ఉంటుందేమో. ఇవాళ్టి వెండి ధర పెట్టి గుణిస్తే అందులో సగం కూడా రావడం లేదు. ఇంకో ఊళ్ళో గిఫ్ట్ షాపులో చూడ్డానికి అలాంటిదే, అంతే బరువుంది, 60 డాలర్లు! మన ఊళ్ళో మజూరీ, తరుగు అన్నీ కలిపినా వెండికి ఇంత తేడా ఎక్కడా చూడలేదు. నాకిది అన్యాయంగా కనిపిస్తోంది. ఆ 450 దేనికి? అసలు ఏది నిజమైనదో ఎలా పోల్చుకోవాలి?

పప్పుచారు_ఫ్రిస్కో
అరవై డాలర్లది తీసుకో బ్రదర్. ఫొటోలో రెండూ ఒకటే.

విజయక్క_డాలస్
ఫొటోలో ఒకటే, అమ్మ చేతిలో కాదు. మా అమ్మ వెండి గ్లాసు ఒకసారి ఎత్తి బరువు చెప్పేస్తుంది. షాపువాడు కాటా తర్వాత తెస్తాడు.

కొలిమి_కబుర్లు
శ్రీను గారూ, జవాబు మీ లెక్కలోనే ఉంది. అరవై గ్రాముల వెండి ఈ రోజుల్లో అరవై డాలర్లకి రాదు. కాబట్టి గిఫ్ట్ షాపులోది అంత బరువూ ఉంటే అది జర్మన్ సిల్వర్ అయ్యుండాలి. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. పేరులో తప్ప వెండి ఎక్కడా ఉండదు.

తూకం సంగతి కూడా చెప్పాలి. మాది కరీంనగర్‌లో వెండి తీగ పని చేసిన కుటుంబం. 2007లో ఆ పనికి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతపు పని అని ఇచ్చే ముద్ర) వచ్చిందని పేపర్లో వేస్తే అందరూ సంతోషించారు. కానీ కొనడానికి వచ్చినవాళ్ళు మాత్రం కాటా వైపే చూస్తారు. వెంట్రుకంత సన్నం తీగ లాగి, మెలిపెట్టి, పువ్వులు చుట్టి, ఒక్కో అతుకూ ఊది టంకం పెట్టిన వస్తువు బరువే తూగదు. పని ఎంత పెరిగితే బరువు అంత తగ్గుతుంది. గ్రాముకి ఇంత అని మజూరీ కడితే ఆ పని చేసినవాడికి మిగిలేది ఏముంటుంది? మా చిన్నాన్న కొడుకులు ఒక్కరూ అందులో లేరు ఇప్పుడు. అందుకే ఆ రోడ్డు పక్కన ఆవిడ 450 అని ధైర్యంగా చెప్పగలిగిందంటే నాకు సంతోషంగా ఉంది.

వాళ్ళ పనిముట్లు నేను వీడియోల్లోనే చూశాను. దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి.

గాలప్_డాక్టరమ్మ
నేను చూశాను, ఇంకా చూస్తూనే ఉన్నాను. ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం. మా వీధి చివర ఒక పెద్దాయన ఇంటి వెనక షెడ్డులో పని చేస్తారు. అభ్యంతరం పెట్టరు కాబట్టి వెళ్ళి ఒక మూల కూర్చుంటాను.

ఆయన దాగలి, అంటే వెండి పెట్టి కొట్టే దిమ్మ, ఒక రైలు పట్టా ముక్క, చెట్టు మొద్దుకి బిగించింది. వెండి రేకూ కడ్డీలూ ఊళ్ళో సప్లై షాపులో కొని తెచ్చుకుంటారు. కొట్టే కొద్దీ వెండి గట్టిపడి పెళుసవుతుంది కదా, అందుకని కొంచెం కొట్టడం, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చడం, నీళ్ళలో ముంచడం, మళ్ళీ కొట్టడం. ఎరుపు సరిగా కనపడాలని లైటు కూడా తీసేస్తారు. ఎక్కువ కాలితే వెండి ఒక్కసారిగా కారిపోతుంది.

అసలు విద్య ముద్రల్లో ఉంది. కడియం మీద కనిపించే అర్ధచంద్రాలు, రంపపు పళ్ళు, కిరణాలు అన్నీ ఉలి లాంటి ఉక్కు ముద్రలతో ఒక్కొక్కటిగా కొట్టినవే. ఆ ముద్రల్ని ఆయనే చేసుకుంటారు. పాత ఆకురాయి ముక్క, బోల్టు, కారు ఇంజన్ వాల్వు, ఏ ఉక్కు దొరికితే అది. దాన్ని కాల్చి మెత్తబరిచి, కొసన నమూనా ఆకురాయితో కోసి, మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచి పదును పెడతారు. డబ్బాల నిండా ఉన్నాయి. కొన్ని వాళ్ళ నాన్నవి. ముద్రకి ఒక్కటే దెబ్బ. రెండోది వేస్తే గీత జంటగా పడి పాడవుతుంది. ఆ కడియం మీద ఎన్ని ముద్రలున్నాయో లెక్కపెట్టండి శ్రీను గారూ, 450 ఎక్కడ పోయిందో కొంత తెలుస్తుంది.

ఇంకో పద్ధతి పోత. టూఫా అని ఇక్కడ దొరికే మెత్తని అగ్నిపర్వత బూడిద రాయి. రెండు పలకల్ని ఒకదానికొకటి అతికేలా అరగదీసి, ఒకదాంట్లో నమూనా తిరగేసి చెక్కుతారు. వెండి పోయడానికి దారి, గాలి పోవడానికి సన్నని గాట్లు. లోపల పొగ పట్టించి, రెండూ కట్టి, కరిగిన వెండి పోస్తారు. తీస్తే నగ మీద ఆ రాయి గరుకు అలాగే పడి ఉంటుంది. కొన్ని పోతలకే అచ్చు బీటలు వారుతుంది. అందుకే అలాంటి వస్తువులు ఎక్కువ ఉండవు. చేతికట్టు అని విలుకాళ్ళు మణికట్టుకి కట్టుకునేది ఒకటుంది, కెటో అంటారు, అది ఎక్కువగా ఇలాగే చేస్తారు.

కొలిమి_కబుర్లు
మసక ఎరుపు కోసం లైటు తీసేయడం! మా తాతయ్య కిటికీ మూసేవాడు. టంకానికి వెలిగారమేనా (బోరాక్స్)?

గాలప్_డాక్టరమ్మ
వెలిగారమే. ఇప్పుడు ట్యూబుల్లో వచ్చే పేస్టు కూడా వాడుతున్నారు. గ్యాసు టార్చి వచ్చాక ఊదుగొట్టం పోయింది.

పాతపుస్తకాల_మూర్తి
ఊదుగొట్టం రోజుల సంగతి వాషింగ్టన్ మాథ్యూస్ అనే సైనిక వైద్యుడు వివరంగా రాశాడు. 1880 ప్రాంతంలో ఫోర్ట్ వింగేట్‌లో ఉండగా ఇద్దరు మంచి పనివాళ్ళని పిలిపించి తన కళ్ళ ముందు పని చేయించుకున్నాడు. మేకతోలు తిత్తి, మట్టితో చేసుకున్న మూసలు, బొగ్గులు. వెండి తెల్లబడటానికి అక్కడి నేలలో దొరికే పటిక లాంటి ఉప్పు. అంత తక్కువ సరంజామాతో అంత నున్నని పని ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాడు.

చాలామంది అనుకుంటున్నట్టు ఇది వాళ్ళకి వేల ఏళ్ళ నాటి విద్య కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అత్సిడి సానీ అనే ఆయన ఒక మెక్సికన్ కమ్మరి దగ్గర ఇనుము పని నేర్చుకున్నాడు. గుర్రాల కళ్ళేలకి గిరాకీ ఉండేది. వెండి తర్వాత వచ్చింది. అది 1864కి ముందా తర్వాతా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ ఏడాది అమెరికా సైన్యం వాళ్ళ పంటలు తగలబెట్టి, పీచ్ తోటలు నరికేసి, వేలమందిని వందల మైళ్ళు నడిపించి న్యూ మెక్సికో తూర్పున బాస్క్ రెడొండో శిబిరానికి తోలుకుపోయింది. నాలుగేళ్ళు. ఆకలి, జబ్బులు, ఉప్పునీళ్ళు. 1868 జూన్ 1న ఒప్పందం కుదిరాక తిరిగి సొంత నేలకి వచ్చారు.

ఆ శిబిరంలో రేషన్‌కి కాగితం చీటీలు ఇచ్చారు. వీళ్ళు అచ్చం అలాగే తయారు చేసుకున్నారు. అధికారులు లోహపు బిళ్ళలకి మారారు. కమ్మరులు ఉన్నారు కదా, బిళ్ళలూ వచ్చేశాయి!

పప్పుచారు_ఫ్రిస్కో
మూర్తి గారూ, ఈ బిళ్ళల కథ ఒక్కటి చాలు, ఆ కమ్మరులకి దండం. పిల్లలకి తిండి కోసం చేసిన దొంగతనం దొంగతనం కాదు.

లెక్కల_మాస్టారు
అందరూ ఒక వైపే వెళ్తున్నారు కాబట్టి నేను అటు చెప్తాను. మూర్తి గారు చెప్పినదాని ప్రకారం విద్య మెక్సికన్లది. వాళ్ళ పెద్ద హారానికి కింద వేలాడే నెలవంక, నజా, గుర్రం కళ్ళెం మీద స్పానిష్ వాళ్ళు పెట్టుకున్న బిళ్ళ. వాళ్ళకి అది మూర్ల (ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లింల) నుంచి వచ్చింది. ముద్రల నమూనాలు మెక్సికన్ తోలు పనివాళ్ళవి. వెండి ఎక్కడిది? అమెరికన్ డాలర్లు, మెక్సికన్ పెసోలు కరిగించింది. 1899 నుంచి ఫ్రెడ్ హార్వీ కంపెనీ రైలు ప్రయాణికుల కోసం పల్చటి కడియాలు ఆర్డరు ఇచ్చి చేయించింది. బాణాలు, పిడుగు పక్షులు అన్నీ టూరిస్టుల కోసమే పెట్టినవి, వాటికి అర్థాల పట్టికలు కూడా అమ్మేవాళ్ళే అచ్చు వేయించారు. ఇన్ని చేతులు మారినదాంట్లో "నిజమైనది" అని దేన్ని అంటాం? 450లో మూడొందలు కథకి కడుతున్నాం అనే నా అభిప్రాయం.

సాంటాఫే_సుధ
మాస్టారూ, మీ వాస్తవాలు సరిగ్గానే ఉన్నాయి, ముగింపుతో పేచీ. తీసుకున్నదాన్ని అలాగే ఉంచేస్తే అనుకరణ. వీళ్ళేం చేశారో చూడండి. 1870ల్లో అత్సిడి చాన్ అనే నవాహో పనివాడు జూనీ అనే పక్క తెగ ఊరికి వెళ్ళి అక్కడ ఒకాయనకి వెండి పని నేర్పాడు. జూనీ వాళ్ళు దాన్ని రాళ్ళ వైపు తీసుకెళ్ళారు. సూది మొనంత రాళ్ళు వరసగా పేర్చడం, రంగు రాళ్ళు ముక్కలు కోసి సందు లేకుండా పొదగడం వాళ్ళ పని. హోపీ అనే ఇంకో తెగ వాళ్ళు 1940లకి వచ్చేసరికి రెండు రేకులు తీసుకుని, పై రేకులో నమూనా కోసి, కింద రేకు మీద అతికి, కింద రేకు నల్లబరిచే పద్ధతి పట్టుకున్నారు. నవాహోల చేతిలో మాత్రం వెండే ప్రధానం, రాయి తర్వాత. మందంగా, బరువుగా, ముద్రలు లోతుగా. ఒకే కొలిమి నుంచి మూడు దారులు. బల్ల మీద పెడితే నేనే కాదు, నెల రోజులు ఇక్కడ తిరిగినవాళ్ళు ఎవరైనా విడదీసి చెప్పగలరు.

కెన్నెత్ బిగే చేసిన వస్తువుల ఫొటోలు చూడండి. 1913లో పుట్టి 1977లో పోయిన నవాహో పనివాడు. గీతలు తప్ప ఏమీ లేవు, అయినా చూపు తిప్పుకోలేం. ఇరవయ్యో శతాబ్దపు నవాహో వెండి పనిని మలుపు తిప్పింది ఆయనేనని ఇక్కడివాళ్ళు అంటారు. అందులో స్పెయిన్ ఎక్కడుంది?

లెక్కల_మాస్టారు
ఫొటోలు చూశాను. బాగున్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఇంకో ప్రశ్న ఉంది. 450లో చేసినవాడికి చేరేది ఎంత?

సాంటాఫే_సుధ
రోడ్డు పక్కన బల్ల దగ్గర చేసినవాళ్ళే ఉంటే మొత్తం. దుకాణంలో అయితే చాలాచోట్ల కొన్నదానికి రెట్టింపు పెట్టి అమ్ముతారు, అంటే సగం. వచ్చిన సగంలోంచి వెండి, రాయి, గ్యాసు ఖర్చు తీసేయాలి. వెండి ముందే డబ్బు కట్టి కొనుక్కోవాలి కదా. 2025 అక్టోబరులో ఔన్సు 50 డాలర్లు దాటింది. అంతకుముందు ఆ ఎత్తు చూసింది 1980 జనవరిలో. ధర అలా పెరిగితే పెద్ద వడ్డాణాలు, హారాలు చేసే పెట్టుబడి ఎవరి దగ్గరుంటుంది? ఉంగరాలు, చెవి కమ్మలతో సరిపెట్టుకుంటారు.

టెంపే_శ్రీను
బల్ల దగ్గర ఉన్నవాళ్ళే చేశారని ఎలా నమ్మడం? ఆ సంగతి చెప్పండి ఎవరైనా.

సాంటాఫే_సుధ
అడగడమే. చేసిన మనిషి పేరు, ఏ తెగ, వెండి ఏ రకం, రాయి సహజమా కాదా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం (ఇక్కడ ఇండియన్ అంటే మనం కాదు, అమెరికా ఆదివాసీలు) ప్రకారం తెగవాళ్ళు చేయనిదాన్ని చేసినట్టు చెప్పి అమ్మితే తొలి నేరానికే 2,50,000 డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు. కాబట్టి అబద్ధం చెప్పేవాడు నోటితో చెప్తాడు, కాగితం మీద పెట్టడు. "ఇండియన్ స్టైల్", "సౌత్‌వెస్ట్ స్టైల్" అని రాసి ఉంటే ఆ మాటకి బాధ్యత లేదు.

2015లో ఫెడరల్ అధికారులు న్యూ మెక్సికోలో దుకాణాల మీద దాడులు చేశారు. ఫిలిప్పీన్స్‌లో చేయించి ఇక్కడి తెగల పనిగా అమ్ముతున్న నగలు దొరికాయి. ఒక వ్యాపారికి 2018లో ఆరు నెలల జైలు పడింది. ఆరు నెలలే! వాళ్ళ వల్ల అసలు పనివాళ్ళ ధరలు ఎన్నేళ్ళపాటు పడిపోయాయో ఆలోచిస్తే నాకు కడుపు మండుతుంది.

లోపలివైపు ముద్ర చూడండి. పేరో, పొడి అక్షరాలో, చిన్న బొమ్మో ఉంటుంది, పక్కన వెండి స్వచ్ఛత చెప్పే స్టెర్లింగ్ అనో 925 అనో. పాత వస్తువుల మీద లేకపోవచ్చు, పేరు కొట్టే అలవాటు తర్వాత పెరిగింది. నమ్మకంగా కొనాలంటే సాంటా ఫేలో పాలెస్ ఆఫ్ ది గవర్నర్స్ వరండాకి రండి. నేల మీద దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. సొంతంగానో ఇంట్లోవాళ్ళో చేసినవే పెట్టాలని మ్యూజియం నియమం, తనిఖీ కూడా ఉంటుంది. ఆగస్టులో అయితే ఇండియన్ మార్కెట్, 1922 నుంచి జరుగుతోంది.

నెల్లూరు_ప్రసాద్
గాలప్‌లో కిటికీల్లో "ఓల్డ్ పాన్" అని బోర్డులు చూశా. తాకట్టు సరుకా? అది చవకా ఖరీదా?

పాతపుస్తకాల_మూర్తి
ఒకప్పుడు నవాహోలకి బ్యాంకు అంటే ఒంటి మీద వెండే. వసంతంలో ఉన్ని, శరదృతువులో గొర్రెపిల్లలు అమ్మితే డబ్బు. మధ్యలో పిండి, కాఫీ కావాలంటే ట్రేడింగ్ పోస్టులో, అంటే సరుకుల దుకాణంలో, నగ తాకట్టు. అరిజోనాలోని గనాడోలో హబ్బెల్ అనే వ్యాపారి 1878లో మొదలుపెట్టిన పోస్టు ఇప్పటికీ ఉంది, ప్రభుత్వం చారిత్రక స్థలంగా నడుపుతోంది. తప్పకుండా చూపించండి శ్రీనూ. ఉత్సవం వస్తే నగ ఒకరోజు ఇచ్చి, మళ్ళీ తీసుకునే వ్యాపారులూ ఉండేవాళ్ళు. గడువు దాటి మునిగిపోయిన నగని అమ్మేవారు. అమ్మడానికి కాక వాళ్ళు తమకోసం చేయించుకున్నవి కాబట్టి మందంగా, గొప్పగా ఉండేవి. 1970ల్లో నిబంధనలు బిగిశాక రిజర్వేషన్ (తెగకి కేటాయించిన నేల) లోపల తాకట్టు దాదాపు ఆగి గాలప్ లాంటి సరిహద్దు ఊళ్ళకి మారింది. ఇప్పుడు ఆ బోర్డు ప్రతి పాత వస్తువుకీ తగిలిస్తున్నారు. బోర్డు చూసి ఎక్కువ ఇవ్వకండి, వస్తువు చూడండి.

నెల్లూరు_ప్రసాద్
మునిగిపోయిన నగ అంటే ఒక ఇల్లు ఎక్కడో ఏడ్చి ఉంటుంది. నేనైతే కొనలేను.

విజయక్క_డాలస్
నాకూ అదే అనిపిస్తుంది ప్రసాద్ గారూ. మా ఇంట్లో అలా పోయిన కాసులపేరు గురించి అమ్మ ఇప్పటికీ మాట్లాడదు.

గాలప్_డాక్టరమ్మ
ఇక్కడ ఇప్పటికీ తాకట్టు పెట్టేవాళ్ళలో చాలామంది భద్రత కోసం పెడతారు. ఇంట్లో లాకరు ఉండదు, దుకాణంలో ఇనుప గది ఉంటుంది. ఏటేటా వడ్డీ కట్టి ఉంచుకుంటారు. అన్నీ మునిగిపోవు. ఆ ఒక్క ఊరట ఉంది.

డాక్టరుగా ఇంకో మాట చెప్పాలి. ఈ పని ఊపిరితిత్తుల్ని తింటుంది. రాయి అరగదీసే దుమ్ము, పాలిష్ చక్రం దుమ్ము, కాడ్మియం కలిసిన టంకం పొగ. షెడ్డులో గాలి ఆడదు, చలికాలం తలుపులు మూసి చేస్తారు, కొందరికి పని బల్ల వంటింట్లోనే. పిల్లలు పక్కనే ఆడుకుంటుంటారు. కాడ్మియం లేని టంకం దొరుకుతుంది, మాస్కు, ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే సగం గొడవ తగ్గుతుంది. నేను కలిసిన ప్రతి పనివాడికీ చెప్తూనే ఉన్నాను. కానీ రిజర్వేషన్‌లో ఇప్పటికీ కరెంటు లేని ఇళ్ళున్నాయి, ఫ్యాను ఎక్కడ తిరుగుతుంది? 450 కష్టంగా అనిపించినప్పుడు ఈ లెక్క కూడా వేసుకోండి.

లెక్కల_మాస్టారు
డాక్టరు గారూ, ఇది నేను వేయని లెక్కే. నోట్ చేసుకున్నాను.

రాళ్ళ_రమణ
రాయి గురించి ఎవరూ రాయలేదు. ఆ నీలం రాయి ఫిరోజా, ఇంగ్లీషులో టర్కాయిస్. నీళ్ళు పట్టి ఉన్న రాగి, అల్యూమినియం ఫాస్ఫేటు అది. రాగి వల్ల నీలం, ఇనుము చేరిన కొద్దీ పచ్చదనం. అరిజోనాలో కింగ్‌మన్, బిస్బీ, మొరెన్సీ, నెవాడాలో నంబర్ ఎయిట్, లోన్ మౌంటెన్ పేరున్న గనులు. మచ్చలేని ఆకాశ నీలం ఇచ్చే స్లీపింగ్ బ్యూటీలో 2012లో తవ్వకం ఆపేశారు. అప్పటినుంచి దాని ధర చేతికి అందడం లేదు.

మెత్తని రాయిని జిగురుతో గట్టిపరిస్తే స్టెబిలైజ్డ్ అంటారు, అది మోసం కాదు, చెప్పి అమ్మితే చాలు. పొడిని జిగురుతో ముద్ద చేసి కోసినది వేరు. హౌలైట్ అనే తెల్ల రాయికి నీలం రంగు వేసినది ఇంకా వేరు, అందులో ఫిరోజా ఒక్క చుక్క ఉండదు. నవాహోలకి ఇది అలంకారం రాయి మాత్రమే కాదు. వాళ్ళ నేలకి నాలుగు దిక్కులా నాలుగు పవిత్ర పర్వతాలు, దక్షిణాన ఉన్న మౌంట్ టేలర్‌ది ఫిరోజా.

విజయక్క_డాలస్
శ్రీనూ, అమ్మకి ముందే చెప్పు. నూనె, పసుపు, చేతికి రాసుకునే క్రీములు తగిలితే సహజ రాయి పీల్చేసుకుని పచ్చబడుతుంది. పప్పు తాలింపు వేసేముందు తీసి పక్కన పెట్టమను. కడియాన్ని మాటిమాటికీ వంచి వేసుకోకూడదు, ఒకచోటే వంగి విరుగుతుంది. మణికట్టు పక్కనుంచి జొనపాలి. కొలత తీసుకుని వెళ్ళు.

టెంపే_శ్రీను
కొలత ఇప్పుడే వాట్సాప్‌లో అడిగాను. దారం చుట్టి స్కేలు పక్కన పెట్టి ఫొటో పంపమన్నాను. ఆ బల్ల దగ్గరికే వెళ్ళి, ఎవరు చేశారో ముందు అడుగుతాను. ఇంకో డౌటు, బేరం ఆడొచ్చా?

గాలప్_డాక్టరమ్మ
మర్యాదగా ఒకసారి అడగొచ్చు. రెండు కొంటే వాళ్ళే కొంచెం తగ్గిస్తారు. గ్రాముల లెక్క మాత్రం వాళ్ళ ముందు తీయకండి. క్యాష్ ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట కార్డు పనిచేయదు. చేస్తున్నప్పుడు ఫొటో తీయాలంటే అడిగి తీయండి.

కొలిమి_కబుర్లు
నాదొక పని ప్రశ్న. రాయి పొదిగేటప్పుడు చుట్టూ వెండి గట్టు కట్టి లోపల ఏం నింపుతారు? మేం లక్క నింపి దానిమీద రాయి కూర్చోబెడతాం. వెనక మూసిన వెండి పళ్ళెంలో రాయి కదలకుండా వాళ్ళకి ఆధారం ఏంటి?

గాలప్_డాక్టరమ్మ
మన పెద్దాయన్ని అడిగి వచ్చాను. రంపపు పొట్టు! రాయి ఎత్తు సరిపోయేదాకా పొట్టు పోసి, రాయి పెట్టి, గట్టు అంచు లోపలికి నొక్కేస్తారు. కొందరు అట్ట ముక్క పెడతారు. దెబ్బ తగిలితే రాయి పగలకుండా పొట్టు కొంచెం అణుగుతుందట. అందుకే నీళ్ళలో నానబెట్టొద్దన్నారు. పొట్టు ఉబ్బి రాయిని పైకి నెట్టేస్తుంది.

కొలిమి_కబుర్లు
లక్కకి వేడి పడదు, పొట్టుకి తడి పడదు. శ్రీను గారూ, అమ్మగారికి చెప్పాల్సినవాటిలో ఇది కూడా చేర్చండి, గిన్నెలు తోమేటప్పుడు తీసేయాలి. డాక్టరు గారూ, ఆ పెద్దాయన్ని ఇంకోటి అడగండి: టంకం పెట్టాకే కదా పొట్టు పోసేది? రాయి మార్చాల్సి వస్తే గట్టు మళ్ళీ తెరుస్తారా, కొత్తది కడతారా?

గాలప్_డాక్టరమ్మ
టంకం, ఆసిడ్ కడుగుడు, నల్లబరచడం అన్నీ అయ్యాకే పొట్టూ రాయీ. గట్టు సంగతి ఆదివారం వెళ్ళినప్పుడు అడుగుతాను.